చాంబర్ బోల్టు విప్పే రోజు

మన పాత కార్లకు 2014 ఒక హద్దు. ఆ జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది, వరంగల్ బండ్లకు ఏపీ 36 పోయి టీఎస్ 03 నంబర్లు పడటం మొదలైంది. అందుకే ఇవాళ హన్మకొండ చౌరస్తాలోనో ములుగు రోడ్డు మీదనో ఏపీ 36 నంబరుతో ఒక మారుతి కనబడితే దాని కథ సగం చెప్పకుండానే తెలిసిపోతుంది. పదేళ్ళు ఎప్పుడో దాటి ఉంటుంది. పదిహేనేళ్ళు నిండి, ఆర్సీ రెన్యువల్ చేయించుకుని, గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టించుకుని ఉండవచ్చు. అమ్మితే ఏమీ రాదు, ఓనరుకు అమ్మబుద్ధి కూడా కాదు.

ఈ అధ్యాయం ఆ ఓనర్ల కోసం. ఇంజన్ ఆయిల్ మార్చడానికి ఉన్న పద్ధతులను ఇందులో ఒక్కొక్కటిగా చూద్దాం. అయితే ఏ పద్ధతి చవక, ఏది తొందరగా అయిపోతుంది అన్న లెక్కన కాదు. పాత కారు విషయంలో నేను చూసే లెక్క ఒక్కటే: ఆ పద్ధతి మీకు బండి లోపలి సంగతి ఎంత చూపిస్తుంది? కొత్త కారుకు ఆయిల్ మార్పు సర్వీసింగులో ఒక పని మాత్రమే. పాత కారుకు అది ఆరు నెలలకోసారి దొరికే తనిఖీ. చాలామంది ఆ తనిఖీకి భయపడతారు. షుగర్ పరీక్షను వాయిదా వేసుకున్నట్టు, చెడ్డ వార్త వినాల్సి వస్తుందేమోనని బండి కిందికి తొంగి చూడరు. మెకానిక్‌కు తాళాలిచ్చి, సాయంత్రం తాళాలూ బిల్లూ తెచ్చుకుని, మధ్యలో ఏం జరిగిందో అడగరు. తర్వాత వచ్చే పెద్ద ఖర్చులకు బీజం చాలాసార్లు అక్కడే పడుతుంది.

ఎప్పుడు మార్చాలన్న దగ్గరే మొదటి తప్పుడు లెక్క ఉంది. "ఏడాదిలో రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, ఇప్పుడే ఎందుకు?" అంటారు. ఆదివారం భద్రకాళి గుడికి, నెలకోసారి సరుకులకు, అప్పుడప్పుడు కాజీపేట స్టేషన్‌కు ఎవరినో దింపి రావడానికి మాత్రమే బయటికి తీసే కారు అది. ఆ తిరుగుడులో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత, సరిగా మండని పెట్రోలు కొంత రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తాయి. అరగంటకు పైగా ఆగకుండా నడిపితే ఆ వేడికి అవి ఆవిరై బయటికి పోతాయి. మూడు కిలోమీటర్లు పోయి ఆపేస్తే లోపలే ఉండిపోతాయి. వారానికోసారి హైదరాబాద్ పోయివచ్చే బండిలో ఆయిల్ కంటే, వీధి చివరి వరకే పోయే బండిలో ఆయిల్ ముందు పాడవుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా సంగతి అంతే. పాత పెట్రోలు కారుకు ఐదు వేల కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందయితే అది. తక్కువ తిరిగే బండికి ఎప్పుడూ నెలలే ముందు వస్తాయి.

రంగు చూసి తేల్చకండి. "నల్లగయింది సార్, మార్చుడే" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. ఇప్పటి ఆయిల్స్‌లో మసిని కడిగి తనలో తేలుతూ ఉంచుకునే డిటర్జెంట్ రసాయనాలుంటాయి. పాత ఇంజన్‌లో పోసిన కొత్త ఆయిల్ కొన్ని రోజులకే నల్లబడితే అది తన పని తాను చేస్తున్నట్టు. చూడాల్సినవి వేరే. మట్టం చూసే గేజ్ పుల్ల మీద ఆయిల్ మజ్జిగ రంగులో చిక్కగా కనబడితే నీళ్ళు కలిశాయి. చలికాలంలో, తక్కువ తిరిగే బండికి, ఆయిల్ పోసే మూత అడుగున కాస్త తెల్లటి నురగ కడితే అది పేరుకున్న ఆవిరి కావచ్చు. గేజ్ పుల్ల మీద కూడా అదే ఉంటే, పైగా రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే, అది హెడ్ గాస్కెట్ వ్యవహారం. ఇంకొకటి కార్బురేటర్ ఉన్న పాత మారుతుల్లో ప్రత్యేకం. మనం ఏమీ పోయకుండానే ఆయిల్ మట్టం పెరుగుతుంది! సంతోషించాల్సింది ఏమీ లేదు. ఇంజన్‌కు బిగించిన పెట్రోలు పంపు లోపల డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగుతుంది. గేజ్ పుల్లను వాసన చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు ముందు పంపు మార్చాలి, తర్వాతే ఆయిల్. పెట్రోలుతో పలచబడ్డ ఆయిల్‌తో బండిని నడిపితే బేరింగులు పోతాయి.

ఇక పద్ధతులు. పైన పోస్తూ పోవడమే ఒక పద్ధతి అనుకునేవాళ్ళున్నారు. "మా బండి ఎట్లాగూ ఆయిల్ తాగుతది, నెలకు అర లీటరు పోస్తనే ఉన్న, ఇంక మార్చేదేముంది?" ఇది మార్చడం కిందికి రాదు. కాలిపోయిన ఆయిల్ బయటికి పోయినా, దాని మసీ, అరిగిన లోహపు పొడీ, ఆమ్లాలూ అక్కడే ఉంటాయి. ఫిల్టర్ కూడా పాతదే. ఆయిల్ తాగే ఇంజన్‌కే మార్పు మరీ అవసరం.

రెండోది పైనుంచి లాగే పద్ధతి. గేజ్ పుల్ల పెట్టే గొట్టంలోకి సన్నని పైపు దింపి వాక్యూమ్ పంపుతో ఆయిల్ పీల్చేస్తారు. జాకీ అక్కర్లేదు, బట్టలు మురికి కావు, బోల్టు ముట్టుకోనక్కర్లేదు. కొన్ని విదేశీ కార్లకు ఇదే సులువైన దారి. అరవై దాటిన వాళ్ళు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఇంట్లో ఒక చేతిపంపు కొనిపెట్టుకుంటే తప్పు పట్టను. చాంబర్ బోల్టు మరలు అరిగిపోయి, కొత్త చాంబర్ దొరికేదాకా దాన్ని కదపడానికి భయమైతే కూడా ఇదే గతి. కానీ పైపు చివర సరిగ్గా చాంబర్ అడుగుకు తాకిందో లేదో కనిపించదు. అడుగున పేరుకున్న బురద పైకి రాదు, లోహపు పొడి రాదు. అంటే మనం ఏం చూడాలని బయల్దేరామో సరిగ్గా అదే లోపల మిగిలిపోతుంది. పాత కారుకు ఇది నా ఎంపిక కాదు.

మూడోది ఫ్లషింగ్. ఆయిల్ మార్చే ముందు ఇంజన్‌లో కిరోసినో డీజిలో పోసి కాసేపు నడిపి తీసేయడం కొన్ని షెడ్లలో ఇప్పటికీ ఉంది. నేను గట్టిగా వద్దంటాను. కిరోసిన్ ఆయిల్‌లాగా బేరింగుల మధ్య పొరగా నిలబడదు. పైగా పదేళ్ళుగా గోడలకు అంటుకుని ఉన్న బురద ఒక్కసారిగా ఊడి, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడితే ఇంజన్‌కు ఆయిలే అందదు. డబ్బాల్లో దొరికే ఫ్లష్ ద్రవాలు కిరోసిన్ కంటే మెరుగే. అయినా ఎన్నాళ్ళుగా ఆయిల్ మార్చలేదో తెలియని సెకండ్ హ్యాండ్ బండిలో వాటినీ వాడను. అలాంటి బండికి నిదానమైన దారి ఒకటుంది: మామూలు మంచి ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి వెయ్యి కిలోమీటర్లకే మళ్ళీ రెండూ మార్చడం. ఆయిల్‌లోని డిటర్జెంట్ నెమ్మదిగా కడుగుతుంది, కడిగిందాన్ని ఫిల్టర్ పట్టుకుంటుంది. ఖర్చు ఒక మార్పు ఎక్కువ. మనసు మాత్రం నిమ్మళం.

మిగిలింది కింది నుంచి, చాంబర్ బోల్టు విప్పి వదిలేసే పాత పద్ధతి. దీని దగ్గరే కాసేపు ఆగుదాం.

మారుతి 800 కింద జానెడు ఎత్తు కూడా ఉండదు. కాబట్టి ఎత్తాలి. ఇక్కడ ఒక్క విషయంలో రాజీ లేదు: జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి తల పెట్టకూడదు. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండులు వేరే ఉంటాయి. ఇటుకలు పగులుతాయి, సిమెంటు దిమ్మెలూ పగులుతాయి. హన్మకొండలో కొన్ని వీధులు గుట్టల వాలు మీద ఉన్నవే, వాలులో ఈ పని పెట్టుకోకండి. చదునైన గట్టి నేల, వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు, హ్యాండ్ బ్రేక్, గేర్‌లో బండి. ఇవేవీ కుదరకపోతే ర్యాంపో గుంతో ఉన్న షెడ్డుకు తీసుకుపోయి పక్కన నిలబడండి. పక్కన నిలబడి చూసినా ఈ అధ్యాయం చదివిన ప్రయోజనం దక్కుతుంది.

బండి ఎత్తడానికి ముందే ఇంజన్‌ను ఐదు పది నిమిషాలు నడపండి. వేడెక్కిన ఆయిల్ పలచబడి, అడుగు మడ్డిని తనతో తీసుకుని దిగుతుంది. చల్లటి ఆయిల్ పైపైన పోయి మడ్డిని వదిలేస్తుంది. కానీ దూరప్రయాణం నుంచి రాగానే బోల్టు పట్టుకోకండి, చేయి కాలుతుంది. పది నిమిషాలు ఆగితే చాలు. పైన ఆయిల్ పోసే మూత ముందే తీసి పెడితే కింద ధార సాఫీగా వస్తుంది.

కింద పడుకున్నాక రెండు బోల్టులు కనిపిస్తాయి, కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే. మారుతి లాంటి ముందు చక్రాలతో లాగే బండిలో ఇంజన్, గేర్‌బాక్స్ పక్కపక్కనే ఉంటాయి. గేర్ ఆయిల్ బోల్టు విప్పేసి, వచ్చింది ఇంజన్ ఆయిలే అనుకుని, పైనుంచి కొత్త ఆయిల్ పోసేసిన వాళ్ళున్నారు. అప్పుడు గేర్‌బాక్స్ ఎండిపోతుంది, ఇంజన్ నిండి పొర్లుతుంది. రేకు పళ్ళెంలా ఉన్న చాంబర్‌కు బిగించి ఉన్నదే మనది. వచ్చే ద్రవం నల్లగా కాక తేనెరంగులో, ఘాటైన గంధకం వాసనతో ఉంటే వెంటనే బోల్టు బిగించేయండి.

బోల్టుకు రింగ్ పానా వాడండి. సాదా పానా జారి బోల్టు మూలలు అరగదీస్తుంది. ఒక్కసారి మూలలు పోతే ఆ బోల్టు తర్వాత ఎవరి మాటా వినదు. కదిలాక చేత్తో తిప్పుతూ, చివరి చుట్టులో లోపలికి అదిమిపట్టి చటుక్కున పక్కకు లాగాలి. ఆయిల్ నిటారుగా కారదు, మొదట వంపుగా దూరంగా చిమ్ముతుంది. టబ్బు అందుకు తగ్గట్టు పెట్టుకోవాలి. చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. వాడిన ఆయిల్ చర్మానికి తరచూ అంటడం ఆరోగ్యానికి చెరుపు.

ధార చుక్కలయ్యేదాకా ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈ ఇరవై నిమిషాలే అసలు పని.

బోల్టు తుడవకుండా ముందు చూడండి. వేళ్ళ మధ్య రాస్తే తగిలీ తగలనంత మెత్తటి బూడిదరంగు పొడి అంటే మామూలు అరుగుదల. గోటికి తగిలే ముక్కలుంటే కాదు. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో మెరిస్తే బేరింగు లోపలి పొర అరుగుతున్నట్టు. కాజీపేట డీజిల్ లోకో షెడ్ గురించి వరంగల్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. రైల్వే డీజిల్ షెడ్ల పద్ధతిలో ఇలా ఆయిల్‌లో లోహం వెతకడానికి ఒక స్థానం ఉంది: ఇంజన్ ఆయిల్ శాంపిల్ తీసి, స్పెక్ట్రోమీటర్ మీద పెట్టి, అందులో ఏ లోహం ఎంత ఉందో చూస్తారు. ఇనుము పెరిగితే లైనర్లూ రింగులూ, రాగీ సీసమూ పెరిగితే బేరింగులూ అరుగుతున్నాయని, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోందని ఇంజన్ విప్పకుండానే తెలుసుకుంటారు. అంత పెద్ద ఇంజన్‌ను విప్పడానికి ముందు వాళ్ళు ఆయిల్‌ను అడుగుతారు. మనకు స్పెక్ట్రోమీటర్ లేదు. కళ్ళూ వేళ్ళూ ముక్కూ ఒక అయస్కాంతం ముక్కా ఉన్నాయి. కంకర క్రషర్ల దారిలో రోజూ తిరిగే బండయితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత కూడా ఇప్పుడే తెరిచి చూడండి.

ఆయిల్ కారుతున్నంత సేపూ పైకి చూస్తూ ఉండండి. కింద పడుకుని చూడదగ్గవి చాలా ఉన్నాయి. టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర మొదలైన లీకు ఇంజన్ పక్కనుంచి జారి చాంబర్ మీద పేరుకుంటుంది, అందరూ చాంబరే లీకవుతోందనుకుంటారు. గుడ్డతో తుడిచి వారం తర్వాత మళ్ళీ చూస్తే మూలం తెలుస్తుంది. డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మిందా? సైలెన్సర్ జాయింట్ తుప్పు పట్టిందా? బ్రేకు పైపుల మీద తడి ఉందా? జాకీ పెట్టే చోట రేకు మెత్తబడిందా? ఇవన్నీ ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత అదే చోట తీసిన ఫోటోతో పోల్చితే, తుప్పు ఎంత నడిచిందో ఎవరినీ అడగక్కర్లేదు.

ఫిల్టర్ ప్రతిసారీ మార్చాలి, ఒకసారి విడిచి ఒకసారి అనే పొదుపు వద్దు. విప్పాక దాని రబ్బరు రింగు ఫిల్టర్‌తో పాటు వచ్చిందో లేదో చూడండి. పాతది ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతే, దాని మీద కొత్త రింగు కూర్చుని, స్టార్ట్ చేయగానే ఆయిల్ ఫౌంటెన్ లేస్తుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, తగిలేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు చేత్తోనే బిగిస్తే చాలు. ఓపిక ఉంటే పాత ఫిల్టర్‌ను రాత్రంతా బోర్లించి పెట్టి, మరునాడు రేకు కోసి లోపలి కాగితం మడతలు విప్పి చూడండి. రంపంతో కోస్తే రంపపు పొడి కలిసి మనల్ని భయపెడుతుంది, కాబట్టి రేకు కత్తెర వాడండి. ఇంజన్ చరిత్ర ఆ మడతల్లో దొరుకుతుంది.

చాంబర్ బోల్టుకు వాషర్ ఉంటుంది. ప్రతిసారీ కొత్తది వేయండి. టీ ఖర్చు కూడా కాని ఆ వాషర్‌ను మార్చకుండా, చుక్కలు ఆగడం లేదని పానాకు పైపు తగిలించి బిగించడం వల్లే పాత కార్ల చాంబర్ మరలు పోతాయి. చేత్తో నాలుగైదు చుట్లు తేలిగ్గా ఎక్కితేనే పానా పట్టుకోవాలి. అడ్డం ఎక్కుతోందనిపిస్తే విప్పి మళ్ళీ మొదలుపెట్టండి. గట్టిగా తగిలాక ఇంకో చిన్న లాగుడు, అంతే.

ఏ ఆయిల్ పోయాలన్నది షాపుల వాళ్ళు కావాలనే కష్టం చేసిన ప్రశ్న. 20డబ్ల్యూ-40 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ప్రవాహం, వెనకున్న అంకె ఇంజన్ వేడి మీద చిక్కదనం. వరంగల్ చలికి మొదటి అంకె గురించి పెద్దగా బెంగపడక్కర్లేదు. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే ఊరిది, రెండో అంకే మనకు ముఖ్యం. కార్బురేటర్ మారుతికి 20డబ్ల్యూ-40 చక్కగా సరిపోతుంది. అరిగి, ఆయిల్ తాగే ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 కొంత ఊరట. ఖరీదైన పలచటి సింథటిక్ పోస్తే సీళ్ళు పాడవుతాయన్నది అతిశయోక్తి, కానీ పాత ఇంజన్‌లో ఇప్పటికే ఉన్న సందులను అది ముందు కనిపెడుతుంది. డబ్బా మీద ఏపీఐ అక్షరాలుంటాయి: ఎస్ అంటే పెట్రోలు ఇంజన్‌కు, దాని పక్క అక్షరం ముందుకు జరిగిన కొద్దీ కొత్త ప్రమాణం. ఎస్ఎన్ 2010లో, ఎస్పీ 2020లో వచ్చాయి. కొత్త ప్రమాణాల్లో జింకు తగ్గించారు, అంబాసిడర్ లాంటి పాత టాపెట్ల ఇంజన్‌కు పనికిరాదని కొందరు చెబుతారు. అయితే జింకు రసాయనంలోని ఫాస్ఫరస్ మీద కఠినమైన పరిమితి ఉన్నది పలచటి గ్రేడులకే. 20డబ్ల్యూ-50 దాని కిందికి రాదు. గ్రేడు కంటే పెద్ద సమస్య నకిలీ ఆయిల్. తెలిసిన డీలరు దగ్గర సీలు చూసుకుని కొనండి. ఖాళీ డబ్బా మళ్ళీ నకిలీకి పనికిరాకుండా, పారేసే ముందు దానికి కన్నం పొడవండి.

మారుతి 800కు ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల లోపే పడుతుంది. రెండున్నర పోసి ఆగండి. స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఆపేయండి, యాక్సిలరేటర్ తొక్కి ఆర్పాలని చూడొద్దు. ఆరాక రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఐదు నిమిషాల తర్వాత గేజ్ పుల్ల చూసి, పై గీత దగ్గరికి కొద్దికొద్దిగా పోయండి. పై గీత దాటించడం దాతృత్వం కాదు. క్రాంక్ తిరుగుతూ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగును కాపాడలేదు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, ఏ ఆయిల్, ఎంత పట్టింది, బోల్టు మీద ఏం కనబడింది, నెలలో ఎంత తగ్గింది. పొగ కూడా రాయండి: పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్ళు, బండి లాగుతున్నప్పుడల్లా వస్తే రింగులు. "ఇంజన్ పని ఉంది సార్" అని ఎవరైనా అన్న రోజు ఈ పుస్తకం తీసి మాట్లాడితే సంభాషణే మారిపోతుంది. సీళ్ళతో పోయే పనికి రీబోరింగ్ ఖర్చు పెట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

చివరికి టబ్బులో దాదాపు మూడు లీటర్ల నల్లటి ఆయిల్ మిగులుతుంది. మన దగ్గర దానికి అలవాటైన దారులున్నాయి: చెదలు పట్టకుండా తలుపు చెక్కలకు పూయడం, సెంట్రింగ్ రేకులకు రాయడం, లేదంటే మోరీలో పోయడం. మోరీ నాలాలోకి పోతుంది, నాలా చెరువులోకి. 2023 జూలై వరదల్లో నాలాల నీళ్ళు ఎవరెవరి ఇళ్ళలోకి వచ్చాయో ఈ ఊరికి గుర్తే. ఒక గాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీటిని చెరుపగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. మన దగ్గర వాడిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతలో ఆయిల్ తయారీదారులకూ వాటా పెట్టారు. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాలోకే పాతది వడపోసి, నీళ్ళూ పెట్రోలూ కలవకుండా మూతపెట్టి, వేస్ట్ ఆయిల్ డ్రమ్ము ఉన్న షెడ్డుకు ఇవ్వండి. డ్రమ్ము నిండితే వాళ్ళకు డబ్బే కనుక సాధారణంగా కాదనరు. డబ్బాకు కన్నం మాత్రం అక్కడ డ్రమ్ములో పోశాకే పొడవండి.